వైరస్ పోయాక లివర్ సంగతి

2017 సెప్టెంబరులో మలేసియా ప్రభుత్వం, అంతకుముందు ఏ దేశమూ చేయని పని ఒకటి చేసింది. హెపటైటిస్ సి ని నయం చేసే సోఫోస్‌బువిర్ అనే మాత్ర మీద గిలియడ్ అనే అమెరికా కంపెనీకి పేటెంటు ఉంది. 2013 డిసెంబరులో అమెరికాలో ఆ మందుకు అనుమతి దొరికినప్పుడు పన్నెండు వారాల కోర్సు ధర 84,000 డాలర్లు. అంత ఖరీదైన మందును ప్రభుత్వాసుపత్రిలో ఎందరికి ఇవ్వగలరు? మలేసియాను తన లైసెన్సు జాబితాలో చేరుస్తున్నామని కంపెనీ ఆగస్టులో ప్రకటించింది. అయినా డాక్టర్ ఎస్. సుబ్రమణియం ఆరోగ్య మంత్రిగా ఉన్న ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. 1983 నాటి పేటెంట్ల చట్టం కింద తనకున్న హక్కును వాడుకుని, జెనరిక్ మందు తెప్పించుకునే దారి వేసుకుంది. మరోవైపు డి.ఎన్.డి.ఐ. అనే లాభాపేక్ష లేని సంస్థ, ఈజిప్టుకు చెందిన ఫార్కో కంపెనీతో కలిసి రవిడాస్విర్ అనే రెండో మందును మలేసియా, థాయిలాండ్ ఆసుపత్రుల్లో పరీక్షించింది. మొత్తం కోర్సును 300 డాలర్ల దగ్గరికి తేవాలన్నది లక్ష్యం. 301 మంది రోగులకు ఈ రెండు మందులూ కలిపి ఇస్తే 97 శాతం మందిలో వైరస్ పూర్తిగా పోయింది. ఆ ఫలితాలు 2018 ఏప్రిల్‌లో పారిస్‌లో జరిగిన లివర్ వైద్య సభలో వెల్లడయ్యాయి. 2021లో మలేసియా రవిడాస్విర్‌కు అనుమతి కూడా ఇచ్చింది.

ఇది మామూలు విజయం కాదు. పేద, మధ్యాదాయ దేశాల ఆరోగ్య చరిత్ర రాసేవాళ్లు ఈ ఘట్టాన్ని వదలలేరు. కాకపోతే ఈ విజయాన్ని మనం కొలుస్తున్నది ఒకే ఒక్క కొలతతో: మందు అయిపోయిన పన్నెండు వారాలకు రక్తంలో వైరస్ ఉందా, లేదా? లేదంటే నయమైనట్టు. రోగి పేరు పక్కన టిక్కు పడుతుంది, ఫైలు మూతపడుతుంది. ఎక్కువమంది విషయంలో అలా మూసేయడం సబబే. కానీ మందు మొదలుపెట్టే నాటికే లివర్ గట్టిపడిపోయినవాళ్లు కొందరుంటారు. సిరోసిస్ అంటే అదే. వాళ్ల ఫైలు మూయకూడదని నా వాదన. లివర్ క్యాన్సర్‌ను తొందరగా పట్టుకోవడానికి వాళ్లకు ఆరు నెలలకోసారి చేసే స్కాన్ అదనపు సౌకర్యం కాదు, చికిత్సలో రెండో సగం. మొదటి సగం కోసం పేటెంటునే పక్కన పెట్టిన ప్రభుత్వం రెండో సగాన్ని రోగి జ్ఞాపకశక్తికి వదిలేస్తే ఎలా?

ముందుగా ఒక న్యాయమైన ప్రశ్న. క్యాన్సర్ తెచ్చేది వైరస్ అయితే, వైరస్ పోయాక క్యాన్సర్ ఎందుకు రావాలి? పైగా హెపటైటిస్ బి వైరస్ మన కణాల డి.ఎన్.ఏ. లోకి చొరబడి అక్కడే కూర్చుంటుంది. సి వైరస్ అలా చేయదు, దాన్ని పూర్తిగా తుడిచిపెట్టవచ్చు. నిజమే. అయితే సి వైరస్ క్యాన్సర్ తెచ్చే దారి వేరు. అది ఇరవై, ముప్పై ఏళ్లపాటు లివర్‌లో మంట రగిలిస్తూ ఉంటుంది. కణాలు చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి, మధ్యలో మచ్చ కణజాలం పేరుకుంటుంది. ఇన్నేళ్ల చావుపుట్టుకల్లో కొన్ని కణాల జన్యువుల్లో తప్పులు దొర్లుతాయి. జన్యువులు ఎప్పుడు పలకాలో, ఎప్పుడు ఊరుకోవాలో నిర్ణయించే గుర్తులు కూడా మారిపోతాయి. వైరస్ పోయాక కూడా ఈ మార్పుల్లో కొన్ని అలాగే ఉండిపోతాయని ప్రయోగశాలల్లో తేలింది. రబ్బరు తోటల గురించి తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పాల కోసం గీసే చేతకాని గీత లోతుగా దిగి చెట్టు బెరడు కింది పొరను గాయపరిస్తే, గీత ఆపేసినా అక్కడ మళ్లీ వచ్చే బెరడు గడ్డలు గడ్డలుగానే వస్తుంది. లివర్ అంతకంటే మెరుగు, ఏళ్లు గడిచేకొద్దీ కొంత మచ్చ కరుగుతుంది కూడా. కానీ అందరికీ కరగదు, పూర్తిగా కరగదు.

ఇక అంకెల సంగతి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థ ఒకటుంది. కొత్త మాత్రలు వాడిన 22,500 మంది రికార్డులను అక్కడి పరిశోధకులు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వైరస్ పోయినవాళ్లలో ఏడాదికి వందకు 0.90 మందికి లివర్ క్యాన్సర్ వచ్చింది. వైరస్ పోనివాళ్లలో 3.45 మందికి వచ్చింది. వయసు, ఇతర జబ్బులు వంటి తేడాలను సరిచూసి లెక్కగట్టినా ముప్పు డెబ్బై శాతానికి పైగా తగ్గింది. అంటే మందు పనిచేసింది, గట్టిగా పనిచేసింది. దీని మీద వాదం లేదు. కానీ వైరస్ పోయినవాళ్లందరినీ ఒకే గాట కట్టకుండా విడదీసి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. సిరోసిస్ లేనివాళ్లలో ఏడాదికి వందకు 0.34, సిరోసిస్ ఉన్నవాళ్లలో 1.82. ఐదు రెట్లకు పైగా తేడా. ఈ రెండో అంకె చిన్నదిగా కనిపించేది ఒక్క ఏడాదికి చెప్పుకున్నప్పుడే. అదే వేగం పదేళ్లపాటు సాగితే ఎంతవుతుందో చూడండి: ఆరుగురిలో ఒకరు. మరి వేగం ఏళ్లు గడిస్తే తగ్గుతుందా? అదే ఆసుపత్రుల వ్యవస్థలో వైరస్ పోయిన 48 వేల మందికి పైగా రికార్డులు తీసి 2019లో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. సిరోసిస్ ఉండి, రక్తపరీక్షల్లో కూడా మచ్చ గుర్తులు బలంగా ఉన్నవాళ్లలో, పదేళ్ల దాకా ముప్పు ఏడాదికి రెండు శాతానికి పైనే ఉంది.

అమెరికా మాజీ సైనికుల లెక్క మలేసియాలో క్లాంగ్‌లోనో, తెలుక్ ఇంతాన్‌లోనో ఉన్న మనిషికి ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. అడగాల్సిందే. వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, తాగుడు అలవాటు ఉన్నవాళ్లు కూడా తక్కువేం కాదు. ఆ అంకెను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి అతికించలేం. అయితే ఇక్కడి పరిస్థితి వాళ్లకంటే తేలికగా ఉంటుందనుకోవడానికి ఆధారాలు కనబడవు. హెపటైటిస్ సి లో కొన్ని రకాలున్నాయి. అమెరికాలో ఎక్కువగా కనిపించేది మొదటి రకం. మలేసియాలో, ఇండియాలో ఎక్కువగా ఉన్నది మూడో రకం. ఈ మూడో రకం వైరస్ స్వయంగా లివర్‌లో కొవ్వు పేరుస్తుంది, మచ్చను తొందరగా ముదరబెడుతుంది. అమెరికా మాజీ సైనికుల్లోనే మొదటి రకం వాళ్లతో పోలిస్తే మూడో రకం వాళ్లకు లివర్ క్యాన్సర్ ముప్పు 80 శాతం ఎక్కువని 2014లో వచ్చిన పరిశోధన చెప్పింది. దానికి తోడు షుగరు. 2019 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం మలేసియా పెద్దల్లో 18.3 శాతం మందికి షుగరు ఉంది. జాతులవారీగా చూస్తే భారత సంతతివాళ్లే అందరికంటే ముందున్నారు. వైరస్ పోయిన తర్వాత కూడా క్యాన్సర్ ముప్పును పెంచేవాటిలో షుగరు ఒకటి. తోటల్లో కల్లు దుకాణాలు, తర్వాత చవక సంసు సారా ఎన్ని సంసారాలను కాల్చాయో ఇక్కడి తెలుగువాళ్లకు, తమిళులకు వేరే చెప్పక్కర్లేదు. వైరస్ ఒక్కటే శత్రువైన లివర్లు మన మధ్య అంత ఎక్కువగా లేవు.

ఇంకో మాట కూడా చెవిన పడుతుంటుంది: ఆ కొత్త మాత్రలే క్యాన్సర్ తెస్తాయట! ఈ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 2016లో బార్సిలోనా డాక్టర్లు ఒక పరిశీలన ప్రచురించారు. అంతకుముందే లివర్ క్యాన్సర్‌కు చికిత్స పొంది, ఆ తర్వాత ఈ మాత్రలు వాడిన 58 మందిలో 16 మందికి క్యాన్సర్ తిరగబెట్టింది. హడావుడి మొదలైంది. కానీ పోల్చి చూడటానికి మాత్రలు వాడని గుంపు అందులో లేదు. మూడేళ్ల తర్వాత ఫ్రాన్సులో దాదాపు పదివేల మందిని గమనించిన పెద్ద అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. అందులో కూడా పైపైన లెక్కవేస్తే మందు వాడినవాళ్లలోనే క్యాన్సర్ ఎక్కువగా కనబడింది! కారణం సులువు. మందు ఖరీదైనది కాబట్టి ముందుగా ఇచ్చింది బాగా ముదిరినవాళ్లకు. వయసు, సిరోసిస్, తక్కిన తేడాలను సరిచేసి లెక్కగడితే బొమ్మ తిరగబడింది: మందు వాడినవాళ్లలో క్యాన్సర్ మూడో వంతు తక్కువ, చావులు దాదాపు సగం. కాబట్టి క్యాన్సర్ భయంతో మాత్రలు మానేయాలనుకునేవాళ్లు ఉంటే, దయచేసి ఆ పని చేయకండి. నేను చెబుతున్నది మందు తర్వాత ఏం చేయాలన్నది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఎవరి లివర్ గట్టిపడింది, ఎవరిది పడలేదు అన్నది ఎప్పుడు చూడాలి? మందుకు ముందు చూడాలి. చూసింది రాసి పెట్టాలి. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. మచ్చను అంచనా వేయడానికి ఫిబ్-4 అనే చవకైన సూత్రం ఉంది. దానికి కావలసినవి నాలుగే: వయసు, ఏ.ఎస్.టి., ఏ.ఎల్.టి. అనే రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య. వయసును ఏ.ఎస్.టి.తో గుణించాలి. ఏ.ఎల్.టి. వర్గమూలాన్ని ప్లేట్‌లెట్లతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఒక ఊహా రోగిని తీసుకుందాం. వయసు 60, ఏ.ఎస్.టి. 80, ఏ.ఎల్.టి. 64, ప్లేట్‌లెట్లు లక్ష, అంటే సూత్రంలో 100. అరవై ఎనభైలు 4,800. అరవైనాలుగు వర్గమూలం 8, దాన్ని వందతో గుణిస్తే 800. భాగిస్తే 6. ముదిరిన మచ్చకు గీత 3.25 దగ్గర గీశారు. మనవాడు దాదాపు రెట్టింపు దూరంలో ఉన్నాడు. పన్నెండు వారాలో, ఇరవైనాలుగు వారాలో మాత్రలు వాడాడు, వైరస్ పోయింది, మంట తగ్గింది. ఇప్పుడు ఏ.ఎస్.టి. 32, ఏ.ఎల్.టి. 25, ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు. మళ్లీ లెక్కవేద్దాం. అరవై, ముప్పైరెండు గుణిస్తే 1,920. ఇరవైఐదు వర్గమూలం 5, నూటఇరవైతో 600. భాగిస్తే 3.2. గీత కిందికి వచ్చేశాడు!

ఆరు నెలల్లో మచ్చ అంత కరిగిందా? లేదు. తగ్గింది మంట. ఎంజైములు మంటను చెబుతాయి, వాటితో కట్టిన లెక్క కూడా మంటతోపాటే తగ్గింది. లివర్ గట్టిదనాన్ని నేరుగా కొలిచే ఫైబ్రోస్కాన్‌లో కూడా ఇదే తంతు: మంట, వాపు తీయగానే అంకె పడిపోతుంది, దానిలో ఎంత భాగం నిజంగా మచ్చ కరగడం వల్లనో వెంటనే తేల్చలేం. అందుకే చికిత్స తర్వాత అంకె బాగుపడిందని స్కాన్లు ఆపేయవద్దని లివర్ నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. చికిత్స నాటి సిరోసిస్సే లెక్క. కానీ ఆ నాటి కాగితం ఎక్కడుంది? రోగి పట్నం మారాడు, ఆసుపత్రి మారాడు, కొత్త డాక్టరు ముందు కూర్చున్నాడు. ఆ డాక్టరుకు కనబడేది వైరస్ లేదన్న రిపోర్టు, దాదాపు మామూలుగా ఉన్న ఎంజైములు. ఆయన తప్పేమీ లేకుండానే ఈ మనిషిని ఆరోగ్యవంతుల జాబితాలో వేస్తాడు. మలేసియా పరీక్షల్లోనే చూడండి: 301 మంది అధ్యయనంలో సిరోసిస్ లేనివాళ్లకు 12 వారాలు, ఉన్నవాళ్లకు 24 వారాలు మందు ఇచ్చారు. అంటే తేడా తెలిసే మందు ఇచ్చారు. మందు గడువు తేల్చడానికి పనికొచ్చిన సమాచారం మందు అయిపోగానే పనికిరానిదైపోతుందా? చికిత్స ముగిసిన రోజున రోగి చేతికి ఇచ్చే కాగితం మీద రెండు వాక్యాలు ఉండాలంటాను. ఒకటి, వైరస్ లేదు. రెండు, మందు మొదలుపెట్టిన నాడు లివర్ ఏ దశలో ఉంది. దీనికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు, పేటెంటు యుద్ధం అసలే అక్కర్లేదు.

స్కాన్ మాత్రం అంత నమ్మదగిందా అని సందేహం వస్తుంది. ఇది బలమైన అభ్యంతరమే, దాటవేయను. ఆరు నెలలకోసారి పరగడుపున కడుపు మీద జెల్ రాసి చేసే అల్ట్రాసౌండ్, దానితోపాటు ఏ.ఎఫ్.పి. అనే రక్తపరీక్ష: నిఘా అంటే ఇంతే. సెంటీమీటరు కంటే చిన్న గడ్డ కనిపిస్తే మూడు నెలల్లో మళ్లీ చూస్తారు. సెంటీమీటరు దాటితే రంగు మందు ఎక్కించి సి.టి. గానీ ఎం.ఆర్.ఐ. గానీ తీస్తారు. సిరోసిస్ ఉన్న లివర్‌లో ఆ గడ్డ రక్తాన్ని ఎలా పీల్చి ఎలా వదులుతోందో చూసి, చాలాసార్లు సూది గుచ్చి ముక్క తీయకుండానే క్యాన్సర్ అని తేల్చగలరు. రెండు సెంటీమీటర్ల దగ్గర దొరికితే కోసి తీయవచ్చు, సూదితో కాల్చేయవచ్చు. నొప్పి, పచ్చకామెర్లు, కడుపులో నీరు వచ్చాక దొరికితే ఆ అవకాశాలు చాలావరకు మూసుకుపోతాయి. అయితే అల్ట్రాసౌండ్ ఒక్కటే చేస్తే తొలిదశ గడ్డల్లో సగం కూడా దొరకవు, సుమారు 45 శాతం. రక్తపరీక్ష కలిపితే 63 శాతం. ఒళ్లు, లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్లలో బొమ్మ మరీ మసకగా వస్తుంది. నిఘా వల్ల ప్రాణాలు నిలుస్తాయని పెద్ద ఎత్తున పరీక్షించి చూపింది షాంఘైలో. 18,816 మందిలో, ఆరు నెలలకోసారి పరీక్షలు చేసిన గుంపులో లివర్ క్యాన్సర్ చావులు 37 శాతం తగ్గాయి. అదీ పిలిచిన పరీక్షలకు అరవై శాతం కూడా పూర్తిగా హాజరు కానప్పుడు. కానీ వాళ్లు హెపటైటిస్ బి తో సంబంధమున్నవాళ్లు, సి వాళ్లు కాదు. దాని పద్ధతుల మీద విమర్శలు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా తూకం నిఘా వైపే మొగ్గుతుంది. సిరోసిస్ ఉన్నవాళ్లలో ఏడాదికి ఒకటిన్నర శాతం ముప్పు దాటితే నిఘాకు పెట్టే ఖర్చుకు ఫలితం దక్కుతుందని నిపుణులు గీసుకున్న గీత ఉంది. వైరస్ పోయిన సిరోసిస్ రోగి ఆ గీతకు పైనే ఉన్నాడు. సగం చేపలను వదిలే వల అయినా, వల వేయకపోతే దొరికేది సున్నా.

నయమైనవాళ్లందరినీ స్కాన్లకు పంపితే ప్రభుత్వాసుపత్రులు తట్టుకుంటాయా? తట్టుకోవు. పంపకూడదు కూడా. సిరోసిస్ లేనివాళ్లను, మచ్చ తేలికగా ఉన్నవాళ్లను ధైర్యంగా ఇంటికి పంపేయాలి. వాళ్లను ఏటా స్కాన్ల చుట్టూ తిప్పడం అనవసరపు భయం, అనవసరపు రద్దీ. సిరోసిస్‌కు ఒక మెట్టు కిందున్న ముదిరిన మచ్చ దగ్గర మాత్రం నిపుణులే రెండు మాటలంటారు: వాళ్లకూ నిఘా కావాలని యూరప్ సంఘం, ఖర్చుకు తగ్గ ఫలితం లేదని అమెరికా సంఘం. నన్నడిగితే, మూడో రకం వైరస్‌తో పాటు షుగరు ఉన్న రోగి విషయంలో యూరప్ మాట వినడమే మేలు. లివర్‌ను సూదితో గుచ్చి చూడని చోట ఆ మెట్టుకూ సిరోసిస్‌కూ మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు కదా. ఇలా జల్లెడ పడితే మిగిలేవాళ్లు కొద్దిమందే. మలేసియాలో హెపటైటిస్ సి పరీక్షను పెద్దాసుపత్రుల నుంచి క్లినిక్ కెసిహతాన్ అనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల దాకా దించారు, వేలి కొసన రక్తం తీసి చూసే పరీక్ష అక్కడే దొరుకుతోంది. సులువైన కేసులు అక్కడే తేలిపోవడం, ముదిరినవి మాత్రమే స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడం ఆ ఏర్పాటు ఉద్దేశం. పౌరులకు స్పెషలిస్టు క్లినిక్ ఫీజు 5 రింగిట్లు. డబ్బు కంటే పెద్ద అడ్డంకి వేరే ఉంది. ఒంట్లో ఏ నొప్పీ లేని మనిషి ఏడాదికి రెండుసార్లు ఒక రోజు కూలి పోగొట్టుకుని క్యూలో ఎందుకు నిలబడతాడు? ఎవరూ పిలవకపోతే నిలబడడు. ఆసుపత్రే జాబితా పెట్టుకుని ఫోన్ చేయాలి, మెసేజీ పంపాలి, రానివాడికి మళ్లీ పంపాలి.

ఇక్కడ ఇంకో గుంపు గురించి ఒక్క మాట. మలేసియాలో ఈ వైరస్ సోకినవాళ్లలో చాలామందికి అది సూదితో మత్తు మందు తీసుకోవడం వల్ల వచ్చింది. 1994లో రక్తదానాల పరీక్ష మొదలుకాకముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లూ ఉన్నారు. రెండో గుంపును జాలితోనూ, మొదటి గుంపును చిరాకుతోనూ చూసే అలవాటు వార్డుల్లో కొత్తేం కాదు. కానీ ఇద్దరి లివర్‌లోనూ మచ్చ ఒకేలా ఉంటుంది. పైగా మొదటివాళ్లకు మళ్లీ వైరస్ సోకే అవకాశం కూడా ఉంది. యాంటీబాడీ పరీక్ష నయమయ్యాక కూడా జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది కాబట్టి దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు, దాన్ని చూసి తిట్టనూ అక్కర్లేదు. మళ్లీ సోకిందో లేదో తేల్చేది ఆర్.ఎన్.ఏ. పరీక్ష. ఇక ఆంధ్ర, తెలంగాణల నుంచి పనికి వచ్చి తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఇక్కడి కాగితాలు వెంట తీసుకెళ్లాలి. ఇండియాలో 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద అక్కడా ఈ మందులు ఉచితం, కానీ మీ లివర్ పాత దశ అక్కడి డాక్టరుకు మీరు చెబితేనే తెలుస్తుంది.

చివరి ప్రశ్న, అందరూ అడిగేదే: ఎంతకాలం ఈ స్కాన్లు? ఐదేళ్లు క్యాన్సర్ రాకపోతే ఇక రానట్టేనా? రొమ్ము, పేగు క్యాన్సర్ల విషయంలో ఐదేళ్ల గీత గురించి విని ఉంటారు కాబట్టి ఈ అనుమానం సహజం. అది వచ్చిన క్యాన్సర్ తిరగబెట్టడానికి సంబంధించిన లెక్క. ఇక్కడ మనం చూస్తున్నది కొత్త క్యాన్సర్ పుట్టుక కోసం. పదేళ్ల లెక్కలోనూ ముప్పు ఎక్కువగానే కనబడింది కాబట్టి, ఫలానా ఏడాది ఆపేయండని ఏ ప్రామాణిక సూచనా చెప్పడం లేదు. 2018లో మలేసియాలో ఉచిత మాత్రలు తీసుకున్న తొలి సిరోసిస్ రోగులు 2028 దాటాక కూడా వస్తూనే ఉండాలి. ఆపాల్సిన సందర్భం ఒకటి మాత్రం ఉంది. వయసు మీద పడో, గుండె, కిడ్నీ జబ్బులు ముదిరో, గడ్డ దొరికినా దానికి చికిత్స తట్టుకోలేని స్థితికి మనిషి చేరినప్పుడు, స్కాన్ వల్ల ఒరిగేదేమీ లేదు. అప్పుడు డాక్టరు, రోగి, ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకుని మానేయవచ్చు. అంతవరకు ఆరు నెలలకోసారి.